బడిలో పిల్లల రక్షణ: టీచరు ముందే ఏం నేర్చుకోవాలి, ఆపద రోజు ఏ వరుసలో నడవాలి

"మా తొమ్మిదో తరగతి అమ్మాయికి పెళ్లి పెట్టుకున్నరట, ఎవరికి చెప్పాలె?" "ఒక బాబు ఒంటి మీద వాతలున్నయి, ఇంటి విషయం కదా, మనం కల్పించుకోవచ్చా?" నల్లగొండ నుంచి గద్వాల దాకా టీచర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబును ఆ రోజే వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది. చట్టంలో నాలుగు ముక్కలు, మండలంలో పలికే నలుగురు మనుషులు, క్లాసులో ఒక్కో పిల్ల రోజూ ఎట్లుంటుందన్న ఎరుక ముందే ఉండాలి.

ఇంకో మాట మొదట్లోనే చెప్పుకోవాలి. నేరం జరిగిందా లేదా తేల్చడం టీచరు పని కాదు. గమనించాలి, వినాలి, రాసి పెట్టాలి, చెప్పాల్సిన చోట చెప్పాలి. అంతకు మించి పోయి సొంతంగా విచారణ మొదలుపెట్టిన చోటే చాలా కేసులు చెడిపోతాయి.

## 1. జూన్‌లోనే ఫైలు తయారు చేసుకోండి

బడులు జూన్ 12న తెరుస్తారు. బడిబాట, పుస్తకాల పంపిణీ హడావుడి తగ్గాక ఒక సాయంత్రం ఇద్దరు టీచర్లు కూర్చుంటే ఈ పని అయిపోతుంది. ఒక ఫైలు, ఒక నోటుబుక్కు, తాళం పడే బీరువాలో ఒక అర ఉంటే చాలు.

మొదటి పేజీలో ఫోన్ నంబర్లు:

- 1098: పిల్లల హెల్ప్‌లైన్, రాత్రీపగలూ పనిచేస్తుంది
- 112: పోలీసు, ఇతర అత్యవసరాలు
- 108: అంబులెన్సు
- 181: మహిళల హెల్ప్‌లైన్
- 14416: టెలీమానస్, మానసిక సమస్యలకు
- 1930: సైబర్ నేరాలకు
- మీ స్టేషన్ ఎస్సై, జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ సమితి
- ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే శాఖ) ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీఓ, మీ సెక్టారు సూపర్‌వైజరు
- ఊరి అంగన్‌వాడీ టీచరు, ఆశా, ఏఎన్‌ఎం, పంచాయతీ కార్యదర్శి
- పాముకాటు ఇంజెక్షన్ నిల్వ ఉండే దగ్గరి సర్కారు దవాఖాన

హెల్ప్‌లైన్ నంబర్లు అంత తొందరగా మారవు గానీ మిగతావి మారుతూనే ఉంటాయి. అందుకే ఆ మిగతా ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి, ఎత్తిన వాళ్ల హోదా, తేదీ పక్కన రాసుకోండి. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు 2016లో విడిపోయాయి, నారాయణపేట 2019లో జిల్లా అయింది. స్టాఫ్‌రూం గోడ మీద అంతకు ముందు అంటించిన కాగితం ఇప్పటికీ ఉంటే అది మిమ్మల్ని పాత జిల్లా ఆఫీసుకే తిప్పుతుంది. చింపేయండి.

రెండో పేజీలో చట్టం. పుస్తకమంతా చదవనక్కర్లేదు, ఈ కొన్ని అంశాలు కంఠతా వస్తే చాలు:

- పోక్సో చట్టం, 2012 (పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం): 18 ఏళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం కలిగినా పోలీసులకు చెప్పి తీరాలి. రుజువులు మీరు చూపనక్కర్లేదు.
- చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే వాళ్ల నేరాన్ని దాచిన సంస్థ బాధ్యులకు ఏడాది వరకు.
- మంచి ఉద్దేశంతో చెప్పిన వాళ్ల మీద కేసు నడవదని అదే సెక్షన్ 19 చెబుతుంది. "రేపు కేసు అబద్ధమని తేలితే నా ఉద్యోగం పోతుంది" అనే భయానికి జవాబు ఇదే.
- సెక్షన్ 23: పిల్ల పేరు, ఫొటో, బడి, ఊరు ఏదీ మీడియాలో రాకూడదు.
- విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 17: కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం.
- బాల్య వివాహ నిషేధ చట్టం, 2006: అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి.
- బాల కార్మిక చట్టం, 2016 సవరణ తర్వాత: 14 లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవద్దు. బడి అయ్యాక, సెలవుల్లో సొంత కుటుంబానికి సాయం చేయడం వేరు. 14 నుంచి 18 దాకా ప్రమాదకరమైన పనులు నిషేధం.

## 2. మీ ఊరి క్యాలెండరు గీసుకోండి

ఏ నెలలో ఏ పిల్లకు ఏ ముప్పు వస్తుందో శిక్షణ మాడ్యూల్లో ఉండదు. ఊరిని బట్టి మీరే రాసుకోవాలి. దక్షిణ తెలంగాణలో మోటుగా ఇట్లుంటుంది:

- జూన్–జులై: విత్తనాల పనులు, పాములు, బావుల్లో కొత్త నీళ్లు. టీసీ తీసుకుని మరో బడిలో చేరని పిల్లలు బయటపడే సమయం కూడా ఇదే.
- వానాకాలం నడుమ: గద్వాల వైపు సీడ్ పత్తి (విత్తనాల కోసం పెంచే పత్తి) చేలలో క్రాసింగ్ పనులు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దడం. పూలు విప్పే పొద్దుటి పూట పిల్లలు క్లాసులో కనిపించరు.
- దసరా తర్వాత: పత్తి ఏరడం. పాలమూరు పల్లెల నుంచి పుణె, ముంబై వలసలు, ఇటుక బట్టీలు. పిల్లలు వెంట పోతారు, లేదంటే అవ్వతాతల దగ్గర మిగులుతారు.
- మాఘం, ఫాల్గుణం, వైశాఖం: ముహూర్తాలు. పదో తరగతి పరీక్షలయ్యాక జూన్ దాకా అమ్మాయిల మీద బడి కన్ను ఉండదు. అన్నిటికంటే గండం ఆ రెండు నెలలే.
- మార్చి–మే: ఒంటిపూట బడులు, ఆ తర్వాత ఎండాకాలం సెలవులు. మధ్యాహ్నం నుంచి పిల్లలు బావులు, చెరువులు, సాగర్ కాలువల దగ్గర ఉంటారు.

వలస పోయే ఇంటి పిల్లలకు రెండు నంబర్లు అదనంగా తీసుకోండి. ఒకటి అవ్వ ఇంటి పక్కన ఫోన్ ఎత్తే మనిషిది, రెండోది తల్లిదండ్రులను తీసుకుపోయే మేస్త్రీది. రిజిస్టర్లో ఉన్న తండ్రి నంబరు వలస కాలంలో చాలాసార్లు పలకదు.

## 3. ఒక్కో పిల్ల రోజువారీ తీరు గుర్తుపెట్టుకోండి

"దిగులుగా ఉండటం, ఒంటరిగా కూర్చోవడం" వంటి లక్షణాల జాబితాలు ఎన్ని చదివినా ఒక్కటి తెలియకపోతే ఉపయోగం లేదు: ఆ పిల్ల మామూలుగా ఎట్లుంటుంది? పుట్టుకతోనే నెమ్మదైన పిల్ల మౌనం వేరు, గలగలమనే పిల్ల మౌనం వేరు. చూడాల్సింది మార్పును.

వారానికి ఒకసారి, శనివారం ఆఖరి పీరియడ్ తర్వాత పది నిమిషాలు హాజరు పట్టీ ముందు పెట్టుకుని ఇవి చూడండి:

- ఏ పిల్ల ఎప్పుడూ ఒకే వారం నాడు మానేస్తోంది? సంతకు గానీ పనికి గానీ పోతుండవచ్చు.
- మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరు తినడం తగ్గించారు, ఎవరు ఆబగా తింటున్నారు?
- బడి వదిలాక ఇంటికి పోవడానికి వెనకాడేది ఎవరు?
- ఎండాకాలంలోనూ ఒళ్లంతా కప్పుకునే బట్టలు ఎవరు వేసుకుంటున్నారు?
- ఫలానా మనిషి పేరు, ఫలానా దారి, ఫలానా గది అంటే బెదిరేది ఎవరు?

వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. ఒకే పిల్ల విషయంలో రెండు మూడు కలిస్తే తేదీ వేసి నోటుబుక్కులో ఒక వాక్యం రాయండి. అంతే, ఆ పూటకు పంచాయితీ పెట్టకండి.

## 4. పిల్ల నోరు విప్పినప్పుడు

ఈ పావుగంట మీద మిగతాదంతా ఆధారపడుతుంది.

చోటు. నలుగురికి కనిపించే, ఎవరికీ వినిపించని చోటు ఎంచుకోండి. వరండా చివర, చెట్టు కింద, తలుపు తీసి ఉన్న లైబ్రరీ గది. హెడ్‌మాస్టర్ గది వద్దు, అక్కడికి పిలిచారంటేనే ఏదో తప్పు చేశానని పిల్ల అనుకుంటుంది.

మాట. చాలామంది పిల్లలు "ఎవ్వలకు చెప్పనంటేనే చెప్త సారూ" అని మొదలుపెడతారు. ఒట్టు వేయకండి. ఇట్లా అనండి: "నువ్వు చెప్పు బిడ్డా, నేను వింట. నీకు సాయం జెయ్యాలంటే ఒకరిద్దరికి చెప్పాల్సొస్తది. ఎవరికి చెప్తనో ముందుగాల నీకే చెప్త." ఆ మాట విని పిల్ల ఆగిపోతే బలవంతపెట్టకండి, కానీ అదే రోజు 1098కి ఫోన్ చేసి సలహా తీసుకోండి.

అడిగే తీరు. "తర్వాత ఏమైంది?", "ఇంకేమన్న చెప్తవా?" అని మాత్రమే అడగండి. "ఆయన నిన్ను ఇక్కడ ముట్టుకున్నడా?" అని మీ నోటి నుంచి వివరం అందించకండి. రేపు కోర్టులో "టీచరే నేర్పించింది" అనడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. "ఎందుకు పోయినవ్ అక్కడికి? ముందే ఎందుకు చెప్పలేదు?" అసలే వద్దు.

ఏం జరిగింది, ఎవరు, ఇప్పుడు ఇంటికి పోవడం క్షేమమేనా? ఈ మూడూ తెలిస్తే ఆపేయండి. పూర్తి వివరం తీసుకునే పని పోలీసులది. పోక్సో కేసులో పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లో గానీ, పిల్ల కోరిన చోట గానీ, వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. ఇది మీకు తెలిసి ఉంటే స్టేషన్‌కు రమ్మన్నప్పుడు మర్యాదగా గుర్తు చేయగలుగుతారు.

ముగింపు. "చెప్పి మంచి పని చేసినవ్. తప్పు నీది గాదు." ఈ రెండు మాటలు తప్పకుండా అనండి. "అంతా నేను చూసుకుంట, వాణ్ని జైల్ల ఏయిస్త" అని మీ చేతిలో లేనిది ఇవ్వకండి.

చేయకూడనివి:

- ఇంకో టీచరును పిలిచి "మళ్లా చెప్పు" అనడం
- గాయాలకు ఫొటో, మాటలకు వీడియో తీయడం
- పిల్లచేత రాయించి సంతకం పెట్టించడం
- అనుమానితుణ్ని పిలిచి ఎదురెదురుగా నిలబెట్టడం
- నేరం ఇంట్లోనే జరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు ఆ ఇంటికే ముందుగా కబురు చేయడం

ఘటన జరిగి మూడు రోజులు దాటకపోతే ఆ బట్టలు ఉతకవద్దని, వాటిని కాగితపు సంచిలో పెట్టమని, స్నానానికి ముందే వైద్య పరీక్ష మేలని పిల్లకు తోడున్న పెద్దవాళ్లకు చెప్పండి. ప్లాస్టిక్ కవరులో తేమకు ఆధారాలు పాడవుతాయి. ఎఫ్ఐఆర్ తెస్తేనే చూస్తామని దవాఖాన అనకూడదు, చికిత్స ముందు.

## 5. అదే పూట రాసి పెట్టండి

మరుసటి రోజుకు మాటలు మారిపోతాయి. ఒక పేజీ మించొద్దు:

1. తేదీ, సమయం, చోటు, అక్కడ ఉన్నవాళ్లు
2. మీరు అడిగిన ప్రశ్న, ఉన్నదున్నట్టు
3. పిల్ల చెప్పిన మాట, పిల్ల యాసలోనే
4. మీ కంటికి కనబడింది
5. ఎవరికి, ఎన్ని గంటలకు చెప్పారు, వాళ్ల హోదా
6. మీ సంతకం

నాలుగోది చాలామంది తప్పు రాస్తారు. "బాబును తండ్రి చితకబాదాడు" అని రాస్తే అది మీ తీర్పు. "ఎడమ మోచేయి కింద రెండు పొడుగాటి వాతలు, ఎర్రగా ఉన్నాయి. 'నాయిన బెల్టుతోని కొట్టిండు' అన్నాడు" అనేది రికార్డు. పిల్ల వాడిన మోటు మాటను పుస్తక భాషలోకి మార్చకండి.

ఈ కాగితం హాజరు పట్టీలో పెట్టొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు. తాళం ఉన్న అరలోనే ఉండాలి.

## 6. ఎవరికి, ఎంతసేపట్లో

లైంగిక నేరం, లేదా దాని అనుమానం: ఆ రోజే పోలీసులకు. 1098కి చేస్తే వాళ్లూ కదులుతారు. హెడ్‌మాస్టర్‌కు చెప్పండి, కానీ ఆయన అనుమతి కోసం ఆగకండి. చెప్పాల్సిన బాధ్యత చట్టం ప్రకారం విషయం తెలిసిన ప్రతి మనిషిదీ. "ముందు మనం కమిటీ వేసుకుందాం, పై ఆఫీసుకు రాద్దాం" అంటే ఆ కాగితం సంగతి తర్వాత, ఫోన్ ముందు. అనుమానం తోటి ఉద్యోగి మీదే అయితే ఈ మాట ఇంకా గట్టిగా పట్టుకోవాలి.

ఇంట్లో హింస, వదిలేసిన పిల్లలు, బట్టీల్లో పని: 1098, జిల్లా బాలల సంరక్షణ విభాగం. రక్షణ అవసరమైన పిల్లను 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలి. పిల్ల ఎక్కడ ఉండాలన్న నిర్ణయం సమితిదే. మీ ఇంటికి తీసుకుపోయి ఉంచుకోకండి, ఎంత జాలి కలిగినా సరే.

ఫోన్లో ఫొటోలు, బెదిరింపులు: 1930, స్టేషన్. ఆ బొమ్మను సాక్ష్యమనుకుని స్టాఫ్ గ్రూపులో పెడితే మీరే నేరస్తులవుతారు. ఫోన్‌ను అట్లాగే పోలీసులకు అప్పగించండి.

ఇక పెద్దమనుషుల విషయం. "ఆడపిల్ల బతుకు, బయట పడితే ఎట్ల, కూర్చుని మాట్లాడుకుందాం" అని ఎవరో ఒకరు బడికి వస్తారు. పోక్సో కేసు రాజీ పడే కేసు కాదు, డబ్బుతో ముగిసేదీ కాదు. వాళ్లతో వాదించి లాభం లేదు. "ఫోన్ చేయకుంటే నా మీద కేసు అయితది, ఇప్పటికే చేసిన" అనండి. అందుకే ఫోన్ ముందు చేయమనడం.

## 7. పెళ్లి ఖాయమైందన్న కబురు వస్తే

మొదట తెలిసేది దోస్తులకే. "సారూ, ఆమె ఇగ రాదట" అన్న మాటను పట్టించుకోండి.

మొదటి పని: వయసు. పుట్టిన తేదీ మీద వివాదం వస్తే బడి ఇచ్చే సర్టిఫికెట్‌కు, పదో తరగతి మెమోకు పెద్దపీట ఉంటుంది. అవి లేకపోతే పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. అంటే మీ అడ్మిషన్ రిజిస్టరే ఆ అమ్మాయికి కవచం. అందుకే పెళ్లిళ్ల సీజన్లో "తేదీ తప్పు పడింది, జెర దిద్దుండ్రి" అంటూ వస్తారు. దిద్దకండి. ఆ పేజీ జిరాక్స్ తీసి ఫైల్లో పెట్టండి.

రెండోది: గడువు చూడటం. ముహూర్తానికి వారం పైన ఉంటే అంగన్‌వాడీ టీచరు, ఐసీడీఎస్ సూపర్‌వైజరుతో కలిసి ఇంటికి పోయి మాట్లాడవచ్చు. రెండు మూడు రోజులే ఉంటే ఇంటికి పోవద్దు, నేరుగా 1098కి, సీడీపీఓకు చెప్పండి. మీరు పోయి నచ్చజెప్పి వచ్చిన రాత్రే గుళ్లో తాళి కట్టించేస్తారు. మక్తల్, గద్వాల వైపైతే హద్దు దాటించి కర్ణాటకలోని చుట్టాల ఊళ్లో చేస్తారు. కబురు చెప్పేటప్పుడు అబ్బాయి ఊరు, పెళ్లి జరిగే చోటు కూడా చెప్పడం అందుకే ముఖ్యం.

మూడోది: మాట్లాడే తీరు. చట్టం పేరెత్తి భయపెట్టడంతో మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది. తండ్రికి ముందు లెక్క చెప్పండి: 18 నిండకుంటే కళ్యాణలక్ష్మి, షాదీముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు రావు. తర్వాత చదువు మాట, కేజీబీవీ (కస్తూర్బా బాలికల విద్యాలయం) లేదా గురుకులంలో సీటు మాట. ఆఖరున చట్టం: పెళ్లి చేసిన వాళ్లకు, చేయించిన వాళ్లకు రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. పంతులు, ఫంక్షన్ హాలు వాళ్లు కూడా ఇందులోకి వస్తారని చెబితే సగం పెళ్లిళ్లకు హాలే దొరకదు.

వినకపోతే మేజిస్ట్రేటు నిషేధ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి చెల్లదు. దానికి దరఖాస్తు చేసే పని బాల్య వివాహ నిషేధ అధికారిది, మీరు ఇవ్వాల్సింది వయసు కాగితం.

నాలుగోది, అందరూ మరిచేది: ఆగిన పెళ్లి రెండు నెలల తర్వాత మళ్లీ జరుగుతుంది. హామీపత్రం రాయించుకుని ఫొటో దిగడంతో పని అయిపోదు. ఆ అమ్మాయికి 18 నిండే తేదీని ఫైల్లో రాసి, అప్పటిదాకా వారం వారం హాజరు చూడండి. మూడు రోజులు వరుసగా రాకపోతే అంగన్‌వాడీ టీచరుకు ఫోన్. పెళ్లి జరిగిపోయినా దారి మూసుకోలేదు, 20 ఏళ్లు నిండేలోపు ఆమె కోర్టులో రద్దు కోరవచ్చు.

## 8. పాము, పురుగుల మందు, నీళ్లు

పాముకాటు: పిల్లను నడిపించకండి. కాలైనా చెయ్యైనా విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా ఉంచండి. కాళ్లకున్న వెండి పట్టీలు, ఉంగరాలు తీసేయండి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం, పసరు ఏదీ వద్దు. పాము కోసం వెతకొద్దు. ఇంజెక్షన్ ఉందో లేదో దారిలోనే దవాఖానకు ఫోన్ చేసి అడగండి. హాస్టల్లో నేల మీద పడుకున్న పిల్ల పొద్దున్నే కడుపునొప్పి, వాంతులు, మూతపడే రెప్పలతో లేస్తే కాటు గుర్తు కనబడకున్నా కట్లపామని అనుమానించి బయల్దేరండి.

పురుగుల మందు: ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. తడిసిన బట్టలు తీసి ఒళ్లు సబ్బుతో కడిగి, డబ్బాతో సహా దవాఖానకు. గడ్డిమందు తాగిన పిల్ల మొదట బాగానే కనిపిస్తుంది, ఆ ధీమాతో ఇంట్లో ఉంచొద్దు. బతకాలని లేదన్న పిల్లను "చచ్చిపోవాలనిపిస్తుందా?" అని నేరుగా అడగవచ్చు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి. ఇంట్లో మందు డబ్బాలకు తాళం వేయించి, 14416కు ఫోన్ చేయండి.

నీళ్లు: దూకొద్దు. తాడు, చీర, కర్ర అందించండి. బయటకు తీసిన పిల్లను తలకిందులు చేయడం, పొట్ట నొక్కడం వద్దు. ఊపిరి లేకపోతే ముందు నోటి ద్వారా ఊపిరి ఇచ్చి, తర్వాత ఛాతీ మీద 30 నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి. ఇది చదివి వచ్చే పని కాదు. ఏడాదికోసారి పీహెచ్‌సీ సిబ్బందిని పిలిపించి బొమ్మ మీద చేసి చూడాల్సిందే.

## 9. మన వైపు నుంచి జరిగే తప్పులు, సవరణలు

- ఒక్క టీచరుకే అంతా తెలిసి ఉండటం. ఆమె సెలవు పెట్టిన రోజే అవసరం వస్తుంది. ఇద్దరికి తెలియాలి, అందులో ఒకరు మహిళ అయి ఉండాలి.
- పిల్ల పేరు స్టాఫ్‌రూంలో నలగడం. సాయం చేయడానికి అవసరమైన వాళ్లకే చెప్పండి. మిగతావాళ్లకు "చూసుకుంటున్నాం" చాలు.
- మన బెత్తం. రోజూ కొట్టే టీచరుకు ఏ పిల్లా తన ఇంటి దెబ్బల గురించి చెప్పదు.
- తలుపు మూసిన గదిలో ఒక్క పిల్లతో స్పెషల్ క్లాసు, రాత్రిపూట మెసేజ్‌లు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా మానేయండి. పిల్లకు భద్రత, మీకూ భద్రత.
- ఫోన్ చేసి చేతులు దులుపుకోవడం. మూడో రోజు, పదో రోజు మళ్లీ అడిగి, జవాబును ఫైల్లో రాయండి. కేసు నడిచే ఏడాదంతా ఆ పిల్ల మీ క్లాసులోనే కూర్చుంటుంది. వాయిదా రోజులకు సెలవు, పోయిన పాఠాలు, వెక్కిరించే తోటివాళ్లు, ఈ మూడూ మీరే చూసుకోవాలి.

## 10. తెలిసింది బడిలో నిలవాలంటే

చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ సమావేశంలో ఇరవై నిమిషాలు అడగండి. పేరు, ఊరు, తరగతి తీసేసి ఒక సంఘటన చెప్పుకోండి: మొదట ఎవరు గమనించారు, ఎవరికి చెప్పారు, ఎక్కడ ఆలస్యమైంది. ఒకే ఆఫీసు దగ్గర మూడు బడుల పని ఆగిందని తేలితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా రాయించవచ్చు, ఒక్కరే రాస్తే అది ఫిర్యాదుగానే మిగులుతుంది.

బదిలీ అయితే చార్జీ అప్పగింతలో తాళాలు, స్టాకు రిజిస్టర్లతో పాటు ఈ ఫైలూ ఉండాలి. కొత్తగా వచ్చిన వాళ్లతో అరగంట కూర్చుని మూడు విషయాలు నోటితో చెప్పండి: ఇంకా నడుస్తున్న కేసులు, పెళ్లి ఆగి 18 నిండని అమ్మాయిలు, మండలంలో ఫోన్ ఎత్తే అధికారి ఎవరన్నది. ఫైలు అందినట్టు సంతకం తీసుకుని రిలీవ్ అవండి.